గుండెపోటు తర్వాత బతుకు: ఒడిశా సరిహద్దులోని తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మనవాళ్లు ఫోన్ చేసి అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకురావడం కన్నా ఒకచోట రాసిపెట్టేస్తే నయమనిపించింది. నేను డాక్టర్ని కాదు. గుండెపోటు వచ్చి బయటపడి, ఛాతీలో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే చిన్న మిషన్) పెట్టించుకుని తిరుగుతున్న మనిషిని. మందు మార్చాలన్నా, ఆపాలన్నా మీ డాక్టర్‌నే అడగండి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవనక్కర్లేదు.

## నొప్పి మొదలైనప్పుడు

ఇది గ్యాసా, గుండెనొప్పా? ఇంట్లో కూర్చుని ఎలా తెలుసుకోవాలి?

ఇంట్లో తెలీదు, అంతే. ఈసీజీ తీస్తేనే తెలుస్తుంది. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టో, పిండేసినట్టో ఉండి, అది ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకుతూ, ఒళ్లంతా చల్లని చెమట పట్టి పావుగంటకీ తగ్గకపోతే దాన్ని గుండెనొప్పి అనుకునే బయల్దేరాలి. షుగర్ ఉన్నవాళ్లకీ, ఆడవాళ్లకీ, పెద్ద వయసువాళ్లకీ ఒక్కోసారి నొప్పే ఉండదు, ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే ఉంటాయి. మనవైపు ఎక్కువమంది ప్రాణం మీదికి తెచ్చుకునేది సోడా తాగి, వాము నమిలి, "తెల్లారాక చూద్దాంలే" అని పడుకోవడం వల్లే. గ్యాసే అని తేలితే పోయేది ఒక ఈసీజీ డబ్బులు.

పర్లాకిమిడిలో ఉన్నాం. శ్రీకాకుళం పోవాలా, బరంపురం పోవాలా? నేరుగా కారేసుకుని వైజాగ్ పోతే మంచిది కదా?

మంచిది కాదు. సరిహద్దులో ఉన్నవాళ్లం మనం పోగొట్టుకునే టైమంతా ఈ చర్చలోనే పోతుంది. బావగారు బరంపురం అంటారు, కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్లో వైజాగ్ అంటాడు, పేషెంటు ఏమో మంచం మీదే ఉంటాడు. వైజాగ్ రోడ్డు మీద మూడు గంటలకు తక్కువ కాదు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన రకం గుండెపోటులో ప్రతి నిమిషానికీ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది.

అందుకని మొదట చేరాల్సింది ఈసీజీ తీసి, రక్తనాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగిన దగ్గరి ఆసుపత్రికి. అది ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. టెనెక్టిప్లేస్ అనేది ఇప్పుడు ఎక్కువగా వాడే ఇంజెక్షన్, కొన్నిచోట్ల స్ట్రెప్టోకైనేజ్ ఇస్తారు. నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వొచ్చు కానీ మొదటి రెండు మూడు గంటల్లో ఇచ్చినప్పుడు వచ్చే ఫలితమే వేరు. స్టెంట్ (మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేసే సెంటర్‌కి రెండు గంటల లోపల చేరి పని మొదలయ్యే అవకాశం ఉంటే నేరుగా అక్కడికి పోవడమే మేలు. మనలో చాలామందికి ఆ అవకాశం లేదు కాబట్టే ముందు ఇంజెక్షన్, తర్వాత ప్రయాణం.

ఇంట్లో ఎవరికీ ఏమీ కాని ఈ రోజే ఒక పని చేయండి. మీ జిల్లా ఆసుపత్రికీ, ఆంధ్ర వైపు దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికీ (టెక్కలి కావచ్చు, పార్వతీపురం కావచ్చు) వెళ్లో, ఫోన్ చేసో అడగండి: రాత్రిపూట ఈసీజీ తీస్తారా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ స్టాకు ఉంటుందా? జవాబు రాసి గోడకి అంటించండి. అప్పుడు అర్ధరాత్రి చర్చ ఉండదు.

108కి చేస్తే ఏ రాష్ట్రం బండి వస్తుంది?

రెండు రాష్ట్రాల్లోనూ 108 ఉంది. సరిహద్దు ఊళ్లలో మన ఫోను ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటుంది కాబట్టి ఎత్తగానే మొదట రాష్ట్రం, జిల్లా, బ్లాకు లేదా మండలం, ఊరు చెప్పండి, ఆ తర్వాతే జబ్బు సంగతి. ఒడియాలో మాట్లాడాల్సి వచ్చి గాభరాలో మాట రాకపోతే "ఛాతి జొంత్రొణా హేఉచి" అంటే చాలు, అర్థమైపోతుంది. బండి చాలా లేటని చెప్తే ఆటో అయినా కారైనా కట్టించండి, పేషెంటుని మాత్రం బండి నడపనివ్వద్దు, మోటార్‌సైకిల్ మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవద్దు.

ఆస్ప్రిన్ వేసేయమంటారు, సార్బిట్రేట్ నాలుక కింద పెట్టమంటారు. మనమే ఇవ్వొచ్చా?

రెండూ ఒకటి కాదు. ఆస్ప్రిన్ 300 మిల్లీగ్రాములు నమిలి మింగితే మేలు, 75 మాత్రలే ఉంటే నాలుగు. ఆస్ప్రిన్ పడనివాళ్లకీ, కడుపులో పుండుతో రక్తం పోతున్నవాళ్లకీ, మూతి వంకర పోయి చెయ్యి పడిపోయి పక్షవాతంలా కనిపిస్తున్నవాళ్లకీ ఇవ్వకూడదు. సార్బిట్రేట్ బీపీని ఒక్కసారిగా దించేస్తుంది. డాక్టర్ ముందే రాసిచ్చిన మనిషికే పెట్టాలి, అదీ కూర్చోబెట్టి. బీపీ తక్కువ ఉన్నా, ముందు రెండు రోజుల్లో వయాగ్రాలాంటి మాత్ర వేసుకుని ఉన్నా పెట్టకూడదు. ఈ రెండో సంగతి ఇంట్లో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. సిగ్గుపడకుండా చెప్పాలి.

మనిషి పడిపోయాడు, పిలిస్తే పలకటం లేదు. ఇదీ గుండెపోటేనా?

ఇది గుండె ఆగిపోవడం. పొలంలో మోటారుకి పైపు మూసుకుపోతే అది గుండెపోటు, కరెంటే దెబ్బతిని మోటారు ఆగిపోతే ఇది. గుండెపోటు వల్ల కూడా ఇది రావచ్చు. పలక్కుండా, ఊపిరి ఆడకుండా, లేక ఎక్కిళ్లలా అప్పుడప్పుడూ గురక మాత్రం వస్తుంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలెట్టాలి. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ముల మధ్య ఎముక మీద అరచేయి మడమ పెట్టి, దానిపై రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకి మనిషి మారాలి, లేకపోతే అలసిపోయి లోతు తగ్గిపోతుంది. నోట్లో గాలి ఊదడం రాకపోయినా పర్వాలేదు. పక్కటెముక విరిగినా ఆపకండి.

మొహం మీద నీళ్లు కొట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, చేతిలో తాళాలు పెట్టడం వల్ల పోయేది టైమే. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగేది కూడా అబద్ధం.

## ఆసుపత్రిలో

ఈసీజీ నార్మల్ అని ఇంటికి పంపేస్తున్నారు. నమ్మొచ్చా?

ఒక్క ఈసీజీ నార్మల్ వచ్చినంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పలేం. నొప్పి ఉంటే కాసేపటికి మళ్లీ తీయాలి. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష ఉంది, నొప్పి మొదలైన వెంటనే చేస్తే అది కూడా పెరగకపోవచ్చు, అందుకే కొన్ని గంటల తర్వాత రెండోసారి చేస్తారు. "రెండోది ఎప్పుడు చేస్తారండీ?" అని మర్యాదగా అడగండి. నొప్పి ఉండగా ఇంటికి పొమ్మంటే మాత్రం కదలకండి.

ఇంజెక్షన్‌తో నొప్పి పోయింది. ఇంక బరంపురమో వైజాగో ఎందుకు?

ఇంజెక్షన్ గడ్డనే కరిగిస్తుంది, లోపల కొవ్వు పేరుకున్న చోటు అలాగే ఉంటుంది, మళ్లీ గడ్డ కట్టొచ్చు. కొంతమందిలో గడ్డ సరిగ్గా కరగదు కూడా. గంట, గంటన్నరకి మళ్లీ ఈసీజీ తీసి చూసేది దానికే. కరగకపోతే వెంటనే పెద్ద సెంటర్‌కి పంపాలి, కరిగితే 3 నుంచి 24 గంటల మధ్యలో యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో అడ్డెక్కడుందో చూసే పరీక్ష) చేయించడం మంచి పద్ధతి. "రెండు వారాలు ఇంట్లో రెస్టు తీసుకుని పోతాం" అనేవాళ్లు ఎక్కువ మనలో. పంట కోతలున్నా, పెళ్లున్నా సరే, ఇది ఆగే పని కాదు.

డిశ్చార్జి అప్పుడు ఏ కాగితాలు తీసుకోవాలి?

ఒడిశా ఆసుపత్రిలో ఉన్న మీ రికార్డు ఆంధ్ర ఆసుపత్రి వాళ్లకి కనిపించదు, వాళ్లది వీళ్లకి కనిపించదు. మన ఫైలే మన రికార్డు. డిశ్చార్జి సమ్మరీ, నొప్పి ఉన్నప్పటి ఈసీజీ, ఇంటికొచ్చే రోజు ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు, యాంజియోగ్రామ్ సీడీ, స్టెంట్ స్టిక్కర్ లేదా కార్డు, ఇంజెక్షన్ ఎప్పుడు ఇచ్చారో టైముతో సహా. ఈసీజీ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకి వెలిసిపోతుంది, అదే రోజు ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. రేపు అర్ధరాత్రి ఏదైనా తేడా వస్తే అవతలి డాక్టరు మొదట అడిగేది పాత ఈసీజీనే, కొత్త మార్పేదో పాతదేదో దానితో పోల్చితేనే తెలుస్తుంది.

## ఇంటికొచ్చిన కొత్తలో

స్టెంట్ వేశారు, బాగానే ఉన్నాను. ఇన్ని మాత్రలు ఎంతకాలం?

ఆస్ప్రిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, ఈ రెండూ కలిపి మామూలుగా 12 నెలలు. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకి డాక్టర్ తగ్గించొచ్చు. మధ్యలో సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు, ఇది మొదటిసారి వచ్చిన గుండెపోటు కన్నా ప్రమాదం. ఆస్ప్రిన్, కొలెస్ట్రాల్ మాత్ర (స్టాటిన్) చాలామందికి జీవితాంతం. కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్ వచ్చిందని స్టాటిన్ మానేస్తారు, నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లే. ఖర్చు గురించి అయితే జన ఔషధి దుకాణాల్లో ఇవే మందులు చాలా తక్కువకి దొరుకుతాయి, మందు పేరు చూసి తీసుకోండి.

పన్ను పీకించుకోవాలి. రక్తం పల్చబడే మాత్ర ఆపమంటున్నారు?

పళ్ల డాక్టర్ ఒక్కరి మాట మీద ఆపకండి. గుండె డాక్టర్‌కి ఫోన్ చేయించండి. మామూలుగా పన్ను తీయడానికి ఆపనక్కర్లేకుండానే చేస్తారు.

చద్దన్నం, ఎండుచేప, ఆవకాయ అన్నీ మానేయాలా?

చద్దన్నం, అదే ఇక్కడి పఖాళ, దానితో గొడవ లేదు, షుగర్ ఉంటే గిన్నె చిన్నది చేయాలి. గొడవంతా పక్కన నంజుకునేదానితో. ఎండుచేప, ఎండురొయ్యలు, ఆవకాయ, అప్పడం, పైగా అన్నంలోనే వేసే ఉప్పు. రోజంతటికీ అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు, ఆవకాయ పెద్ద ముక్క ఒకటి వేసుకుంటే అందులో మంచి వాటా అక్కడే అయిపోతుంది. ఎండుచేప బదులు పచ్చి చేప పులుసు పెట్టుకోండి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నిమ్మచెక్కతో చద్దన్నం తినడం నాకు అలవాటైపోయింది, మొదటి నెల మాత్రం ఏడుపొచ్చింది.

పొగాకు విషయంలో బేరం లేదు. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా ఏదైనా. మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న అడ్డపొగ (నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) కూడా. "ముసలావిడ, ఇప్పుడు మాన్పిస్తే ఏమొస్తుంది" అంటారు. ఏ వయసులో మానినా గుండెకి మేలే.

పొలం పని, బండి, సంసారం ఎప్పట్నుంచి?

ఇంట్లో నడక మొదటి రోజుల నుంచే, రోజుకి కొంచెం పెంచుతూ. బరువు మూటలు, గొడ్డలి పని డాక్టర్ సరేననే దాకా వద్దు. రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే భార్యాభర్తల సంబంధానికి సాధారణంగా ఇబ్బంది ఉండదని డాక్టర్లు చెప్తారు. బండి విషయం ఒక్కొక్కరికీ వేరు, లారీ, ఆటో నడిపి బతికేవాళ్లు ప్రత్యేకంగా అడగాలి.

బరువు రోజూ చూసుకోమన్నారు. లావెక్కుతానని కాదు కదా?

కాదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఒంట్లో నీరు చేరడం మొదట బరువులోనే కనపడుతుంది. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, అదే మిషన్ మీద. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, కాళ్లు వాస్తే, రాత్రి తలగడలు పెంచుకుంటే గానీ నిద్రపట్టకపోతే అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి.

రాత్రి కాస్త దడ వచ్చినా మళ్లీ అటాకే అనిపిస్తోంది. పిచ్చి పడుతుందా?

పట్టదు. గుండెపోటు దాటినవాళ్లలో చాలామందికి ఈ భయం, దిగులు వస్తాయి, వాటికి చికిత్స ఉంది, డాక్టర్‌కి చెప్పుకోవడంలో తప్పు లేదు. మనవైపు దీన్ని "టెన్షన్ పడకు" అని కొట్టిపారేస్తారు. టెన్షన్ పడకు అంటే ఎవరికైనా టెన్షన్ తగ్గిందా ఎప్పుడైనా!

## మిషన్లు, మానిటరింగ్

హోల్టర్, లూప్ రికార్డర్, పేస్‌మేకర్, ఐసీడీ. అన్నీ ఒకటేనా?

హోల్టర్ ఒంటికి తీగలతో తగిలించే చిన్న పెట్టె, 24 గంటలో 48 గంటలో గుండె లయని రాసుకుంటుంది, తర్వాత తీసేస్తారు. ఎప్పుడో నెలకోసారి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకి అంత టైము సరిపోదు, వాళ్లకి చర్మం కింద వేలెడంత లూప్ రికార్డర్ పెడతారు, అది ఏళ్ల తరబడి రాసుకుంటుంది. ఈ రెండూ చూస్తాయి తప్ప చికిత్స చేయవు. పేస్‌మేకర్ గుండె మరీ నెమ్మదిస్తే తట్టి నడిపిస్తుంది. ఐసీడీ ఆ పనీ చేస్తుంది, గుండె ప్రమాదకరంగా అదిరిపోతే లోపలి నుంచే షాక్ ఇచ్చి లయకి తెస్తుంది.

స్టెంట్ వేశారు కదా, ఈఎఫ్ 30 ఉందని ఇప్పుడు ఐసీడీ అంటున్నారు. డబ్బు గుంజడానికా?

ప్రతిదానికీ అలా అనుకోలేం. ఈఎఫ్ అంటే గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తోందని. 55 పైన ఉంటే మామూలు. 35 లేదా అంతకన్నా తక్కువైతే గుండె హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అయితే గుండెపోటు వచ్చిన మర్నాడు కొలిచిన ఈఎఫ్‌తో తేల్చేయరు. మందులు సరిగ్గా వాడాక, గుండెపోటు నుంచి కనీసం 40 రోజులకీ, స్టెంట్ వేస్తే 3 నెలలకీ మళ్లీ ఎకో తీసి చూస్తారు. ఈలోపల కోలుకుని 45కి వచ్చినవాళ్లున్నారు. "రెండో ఎకో ఎప్పుడు?" అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. ఒకసారి గుండె ఆగి బతికినవాళ్ల లెక్క వేరు, వాళ్లకి డాక్టర్లు ముందే చెప్పొచ్చు.

షాక్ కొడితే ఏం చేయాలి? పక్కన ఉన్నవాళ్లకి కరెంట్ కొడుతుందా?

ఛాతీ మీద గట్టిగా తన్నినట్టుంటుంది, అంతలోనే అయిపోతుంది. పట్టుకున్నవాళ్లకి చిన్న చురుకు తగలొచ్చు, ప్రమాదం లేదు. ఒక్క షాక్ వచ్చి, తర్వాత మామూలుగా ఉంటే అదే రోజు మీ క్లినిక్‌కి ఫోన్ చేయాలి. 24 గంటల్లో రెండు లేదా ఎక్కువ వచ్చినా, ఒకటే వచ్చి నొప్పి, ఆయాసం, మైకం ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి. మనిషి పలక్కపోతే ఐసీడీ ఉందని ఆగకుండా ఛాతీ నొక్కాలి.

ఇండక్షన్ పొయ్యి, ఫోన్, వెల్డింగ్, ఊరేగింపులో డీజే?

ఫోన్‌ని మిషన్ నుంచి 15 సెంటీమీటర్లు దూరంగా, చొక్కా జేబులో కాకుండా ప్యాంటు జేబులో. ఇండక్షన్ పొయ్యికి రెండడుగులు. మిక్సీ, టీవీ, మైక్రోవేవ్‌తో భయం లేదు. పెద్ద స్పీకర్లలో బలమైన అయస్కాంతం ఉంటుంది, రథయాత్ర ఊరేగింపులో దానికి ఆనుకుని నిలబడొద్దు. మెటల్ డిటెక్టర్ గేటులోంచి ఆగకుండా నడిచిపోండి, చేతి డిటెక్టర్‌ని మిషన్ మీద ఆపి ఉంచవద్దని కార్డు చూపించి చెప్పండి. ఆర్క్ వెల్డింగ్ పనివాళ్లు మాత్రం పనిలోకి దిగే ముందు డాక్టర్‌ని అడగాల్సిందే. మిషన్ పెట్టిన కొత్తలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆ వైపు చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు, కొబ్బరికాయలు దింపడం, నీళ్లు చేదడం ఎవరికైనా అప్పజెప్పండి.

మంచం పక్కన పెట్టే మానిటర్ ఇచ్చారు. ఊళ్లో సిగ్నల్ ఉండదు, కరెంట్ పోతుంది. మరి?

ఛాతీలోని మిషన్‌కి సొంత బ్యాటరీ ఉంది, ఇంట్లో కరెంట్ పోయినా దాని పని అది చేస్తుంది. పక్కనున్న పెట్టె రాత్రి మీరు నిద్రపోతుండగా మిషన్‌లోని సమాచారం తీసుకుని క్లినిక్‌కి పంపుతుంది, సిగ్నల్ లేకపోతే పంపడం ఆలస్యమవుతుంది. ఇల్లంతా తిరిగి సిగ్నల్ వచ్చే మూల చూసి మంచం అక్కడికి జరుపుకున్నవాళ్లున్నారు, మంచి పనే. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ పెట్టె అంబులెన్స్‌ని పిలవదు. అవతల ఎవరూ రాత్రంతా స్క్రీన్ చూస్తూ కూర్చోరు. నొప్పి వస్తే మీరే 108కి చేయాలి.

స్మార్ట్ వాచీ కొంటే సరిపోతుందా?

కొన్ని వాచీలు లయ తప్పడాన్ని, ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని పట్టగలవు. గుండెపోటుని పట్టలేవు. వాచీ అంతా బాగుందన్నా నొప్పి ఉంటే ఆసుపత్రికే.

## డబ్బు, కార్డులు, ప్రయాణం

ఒడిశా కార్డు వైజాగ్‌లో పనిచేస్తుందా?

2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు. ఈ పథకంలో చేరిన ఆసుపత్రి వేరే రాష్ట్రంలో ఉన్నా పనిచేస్తుంది. ఆంధ్రలోని ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్ర కార్డు ఉన్న కుటుంబాలకే, మన ఒడిశా రేషన్ కార్డుతో అది రాదు. చేరే ముందు ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ కౌంటర్‌లో మూడు సంగతులు అడగండి: గుండె చికిత్సకి చేరి ఉన్నారా, ఐసీడీ ప్యాకేజీలో ఉందా, పైన మేం కట్టాల్సిందేమైనా ఉందా. సొంత డబ్బుతో స్టెంట్ వేయించుకుంటే, 2017 నుంచి స్టెంట్లకి గరిష్ఠ ధర ఉంది, బిల్లులో స్టెంట్ ధర విడిగా చూపించాలి.

తమ్ముడు పని మీద సూరత్‌లో ఉంటాడు. అక్కడ మిషన్ చెక్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. కాకపోతే ఒక కంపెనీ ప్రోగ్రామర్‌తో (అంటే ఛాతీలోని మిషన్‌ని బయటి నుంచి చదివే పరికరంతో) ఇంకో కంపెనీ మిషన్‌ని చదవలేరు. కంపెనీ పేరు, మోడల్, వేసిన తేదీ ఉన్న కార్డు జేబులో ఉండాలి, ఫోటో ఫోన్‌లో ఉండాలి. ఐసీడీ అయితే మామూలుగా మూడు నుంచి ఆరు నెలలకోసారి, పేస్‌మేకర్ అయితే ఆరు నెలలకో ఏడాదికో చెకప్. ఎమ్మారై తీయాల్సి వస్తే స్కానింగ్ వాళ్లు ఆ కార్డు చూశాకే తీయాలి, కొన్ని మిషన్లకే అది కుదురుతుంది. వెళ్లేముందు ఆ ఊళ్లో ఏ ఆసుపత్రిలో ఆ కంపెనీ ప్రోగ్రామర్ ఉందో మిషన్ వేసిన క్లినిక్‌లోనే అడిగి రాయించుకుంటే సరిపోతుంది.